జర్మనీలో చెత్తడబ్బాల లెక్క: కొత్తగా కాపురం పెట్టినవారికి

జర్మనీకి కొత్తగా వచ్చిన తెలుగువారు అద్దె ఇల్లు కుదిరిన వారం తిరగకుండానే అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంటి వెనక ఇన్ని రంగుల డబ్బాలున్నాయి, దేంట్లో ఏది వేయాలండీ?" ఆ సందేహం తీర్చడం కష్టమేమీ కాదు; మీ ఊరి పాలక సంస్థ ఏటా ఇచ్చే ఆబ్‌ఫాల్ కలెండర్‌లో, అంటే చెత్త క్యాలెండర్‌లో, రంగులూ, బండి వచ్చే తేదీలూ అన్నీ ఉంటాయి. నేను చెప్పదలచినది దాని తర్వాతి సంగతి. ఆ డబ్బాలలో మన జేబుకు నేరుగా తగిలేది ముఖ్యంగా ఒక్కటే, దాన్ని ఖాళీగా ఉంచుకోవడం తెలిస్తే మిగతావన్నీ వాటంతటవే దారికి వస్తాయి.

ఆ ఒక్కటి రెస్ట్‌మ్యూల్, అంటే మరెందులోనూ చేరని చెత్త వేసే నల్లని లేదా బూడిదరంగు డబ్బా. చాలా ఊళ్లలో దాని పరిమాణాన్ని బట్టీ, ఎన్నాళ్లకొకసారి ఖాళీ చేస్తారన్నదాన్ని బట్టీ రుసుము ఉంటుంది; అద్దె ఇళ్లలో అది నేబెన్‌కోస్టెన్ అనే అదనపు ఖర్చుల పద్దులో కలిసి, ఏడాదికొకసారి వచ్చే లెక్కలో అద్దెదారులందరి మీదా పడుతుంది. ప్యాకింగ్ సామాను వేసే పసుపు డబ్బాకు, లేదా పసుపు సంచికి, మనం విడిగా కట్టేదేమీ ఉండదు, ఎందుకంటే 1991 నాటి ప్యాకేజింగ్ నిబంధనల కాలం నుంచీ ఆ భారాన్ని సరుకును మార్కెట్‌లోకి తెచ్చినవారి మీదే పెట్టారు. వారు దాన్ని ధరలో కలిపే అమ్ముతారు గనుక ఉచితమని మురిసిపోనక్కరలేదు.

చాలా ఊళ్లలో పసుపు డబ్బా ప్యాకింగ్‌కు మాత్రమే గాని ప్లాస్టిక్ అంతటికీ కాదు. వచ్చిన కొత్తలో నేను పగిలిన బకెట్టును, ప్లాస్టికే కదా అని, అందులో పడేసి, పక్కింటి పెద్దావిడ చేత మర్యాదగానే అయినా గట్టిగా చెప్పించుకున్నాను. వేయకూడనిది కనబడితే సిబ్బంది డబ్బాను ఖాళీ చేయకుండా ఒక చీటీ అంటించి వెళ్లిపోవచ్చు. ఆపైన అయ్యే ఖర్చు భవనంలోని అందరి నెత్తినా పడుతుంది గనుక ఆవిడ కోపం న్యాయమైనదే. పెరుగు డబ్బాలను సబ్బు పెట్టి తోమవలసిన పని లేదు, చెంచాతో శుభ్రంగా గీకితే చాలు. అయితే అల్యూమినియం మూతను డబ్బా నుంచి పూర్తిగా విడదీసి వేయాలి, రెండూ అతుక్కుని ఉంటే యంత్రం వాటిని సరిగా వేరుచేయలేదు.

మన వంటింటి చెత్తలో బరువంతా తడిచెత్తదే. కూరగాయల తొక్కలు, కరివేపాకు రెమ్మలు, పిండేసిన చింతపండు పిప్పి, టీపొడి, ఇవన్నీ గోధుమరంగు బియోటోన్నెలోకి వెళితే రెస్ట్‌మ్యూల్ సగానికి సగం తేలికపడడం మా ఇంట్లో కళ్లారా చూశాను. తడిచెత్తను విడిగా సేకరించడం 2015 నుంచి చట్టప్రకారం తప్పనిసరి; దానితో ఎరువూ, చాలాచోట్ల బయోగ్యాసూ తయారవుతాయి. దీన్ని పాత వార్తాపత్రికలో చుట్టి వేయండి గాని ప్లాస్టిక్ సంచిలో వేయకండి. మట్టిలో కలిసిపోతుందని రాసి అమ్మే సంచులను కూడా అనేక నగరాలు ఒప్పుకోవు, ఎరువు తయారయ్యేలోగా అవి పూర్తిగా కరగవన్నది వారి అభ్యంతరం. మిగిలిన అన్నం, కూరల విషయంలో ఒక్కో ఊరిది ఒక్కో నిబంధన. వేయించగా మిగిలిన నూనెను మాత్రం ఎక్కడ ఉన్నా సింకులో పోయవద్దు, గొట్టాలు పూడుకుపోతాయి. చల్లారాక మూత బిగించిన సీసాలో నింపి, నూనె సేకరణ కేంద్రం ఉంటే అక్కడ ఇవ్వండి, లేకపోతే రెస్ట్‌మ్యూల్‌లో వేయండి.

వండకముందే పారేసేది మరొకటుంది. "మిండెస్టెన్స్ హాల్ట్‌బార్ బిస్" అన్న తేదీ దాటగానే పాలూ పెరుగూ చెత్తలో వేసేవారు మనలో చాలామంది. ఆ తేదీ వరకు రుచీ నాణ్యతా తగ్గవని తయారీదారు ఇచ్చే హామీయే తప్ప, ఆ మర్నాడు పదార్థం విషమవుతుందని దాని అర్థం కాదు. వాసన చూసి, రుచి చూసి నిర్ణయించుకోవచ్చు. ఖీమా వంటి వాటి మీద ఉండే "త్సు ఫెర్బ్రౌఖెన్ బిస్", అంటే ఈలోగా వాడేయాలి అన్న తేదీని మాత్రం దాటనివ్వకూడదు.

ఇక సీసాల బయానా, అంటే ఫాండ్: కొనేటప్పుడు కట్టి, ఖాళీ సీసాను దుకాణంలో తిరిగిస్తే వెనక్కి వచ్చే సొమ్ము. ఒకసారి వాడి పారేసే సీసాలకూ డబ్బాలకూ 2003లో మొదలైన ఈ పద్ధతి 2022 నుంచి దాదాపు అన్ని ప్లాస్టిక్ నీళ్ల, పానీయాల సీసాలకూ వర్తిస్తోంది. ఒక్కోదానికి 25 సెంట్లు. మళ్లీ నింపే సీసాలకు సాధారణంగా 8 లేదా 15 సెంట్లు. సీసాను నలపకుండా తెస్తేనే దుకాణంలోని యంత్రం దాని మీది గుర్తును చదవగలుగుతుంది. డబ్బు తిరిగి వస్తుందన్న ధీమాతో నీళ్ల సీసాల కట్టలు మూడంతస్తులు మోసేవారిని చూస్తే నాకు జాలి కలుగుతుంది, ఎందుకంటే ఇక్కడి కుళాయి నీరు కఠినమైన పరీక్షలకు లోబడిన తాగునీరే. నాలుగు గంటలకు మించి గొట్టంలో నిలిచిన నీటిని చల్లగా వచ్చేవరకు వదిలి, ఆ వదిలిన నీటిని మొక్కలకు పోయండి.

గాజు సీసాలను వీధి చివరి డబ్బాల్లో తెలుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులవారీగా వేయాలి, నీలం ఆకుపచ్చలోకే పోతుంది. ఆదివారం మాత్రం ఆ చప్పుడు చేయకండి. ప్రకటనల కాగితాలు వద్దనుకుంటే ఉత్తరాల పెట్టె మీద "బిట్టె కైనె వెర్బుంగ్" అని అంటించండి. పాడైన ఛార్జరో, హెయిర్ డ్రయ్యరో ఉంటే, ఎలక్ట్రానిక్ సరుకులు కూడా అమ్మే 800 చదరపు మీటర్లకు మించిన సూపర్‌మార్కెట్లు 2022 జులై నుంచి, 25 సెంటీమీటర్ల లోపు పరికరాలను ఏమీ కొనకపోయినా తీసుకోవాలి.

పెద్ద సామానుకు ష్పెర్‌మ్యూల్ సేవ ఉంది, చాలా నగరాల్లో ముందుగా తేదీ అడిగి తీసుకోవాలి. అంతకంటే ముందు చేయదగినది, వాడదగిన వస్తువులను ఒక పెట్టెలో పెట్టి "త్సు ఫెర్షెంకెన్", అంటే ఉచితంగా ఇవ్వబడును, అని రాసి ఉంచడం. నేను మొదటి చలికాలానికి తెచ్చుకున్న టేబుల్ లైటు అలాంటి పెట్టెలోదే. కాలిబాట మీద వదిలేస్తే కొన్ని నగరాలు దాన్ని అక్రమంగా చెత్త పారేయడంగా లెక్కగట్టి జరిమానా వేస్తాయి, కాబట్టి ఇంటి యజమాని అనుమతితో భవనం గుమ్మంలోపలే ఉంచండి. రెండు రోజుల్లో ఎవరూ తీసుకోనివి ఉంటే మళ్లీ మీ ఇంట్లోకి తెచ్చుకోవలసిందే.