గల్ఫ్ యుద్ధం జబ్బు గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

నీ వ్యాసం చదివాను. మీ పక్కింటాయన, 1991లో ఇరాక్‌తో జరిగిన గల్ఫ్ యుద్ధంలో అమెరికా సైన్యం తరఫున కువైట్ ఎడారిలో లారీ నడిపిన మనిషి, ఇవాళ ఒక పూట తోటపని చేస్తే మర్నాడంతా మంచం దిగలేకపోవడం, షాపు దాకా వెళ్లి ఏం కొనడానికొచ్చాడో గుర్తురాక కార్లోనే కూర్చుండిపోవడం... నువ్వు కళ్లారా చూసి రాసిన ఆ రెండు పేజీలూ చాలా బాగున్నాయి, వాటిలో ఒక్క మాట కూడా కదపొద్దు.

ఇబ్బంది అంతా మూడో పేజీలో మొదలైంది. "అమెరికా సైన్యం తన బిడ్డలకే విషం పెట్టింది" అని రాసి, దాని కింద ట్యాంకు గుండ్లలోని యురేనియం, నూనె బావుల పొగ, సారిన్ అనే నర్వ్ గ్యాస్ (నరాలను దెబ్బతీసే విషవాయువు), టీకాలు, పురుగుల మందు అన్నీ ఒకే కుప్ప పోశావు. నీ కోపం నాకు అర్థమైంది, ఆ కోపం లేనివాళ్లు ఈ విషయం జోలికి రాకపోవడమే మంచిదని కూడా అనుకుంటాను. కానీ ఆ కుప్పలో ఒక్కటి తప్పని తేలినా చదివేవాడు మొత్తం కథనే పక్కన పడేస్తాడు. ఆయనలాంటి వాళ్లకి ముప్పై ఏళ్లకు పైగా జరుగుతున్నది అదే. "కారణం రుజువు కాలేదు కదా" అంటూ అసలు జబ్బే లేదన్నట్టు మాట్లాడటం.

అందుకని ముందు రెండు ప్రశ్నలను విడదియ్యి. జబ్బు ఉందా అన్నది ఒకటి, ఎందుకొచ్చింది అన్నది ఇంకొకటి.

మొదటిదాని దగ్గర నువ్వు అస్సలు తగ్గొద్దు. ఆ యుద్ధానికి వెళ్లిన అమెరికా సైనికులు దాదాపు 6,97,000 మంది. వాళ్లలో కనీసం నలుగురిలో ఒకరికి ఈ జబ్బు ఉందని, అమెరికా కాంగ్రెస్ చట్టం ద్వారా ఏర్పాటైన పరిశోధన సలహా కమిటీ 2008లో తేల్చి చెప్పింది. తగ్గని అలసట, కీళ్ల నొప్పులు, మతిమరుపు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, కడుపులో తేడా, చర్మం మీద దద్దుర్లు. 1996లో అధ్యక్షుడు వేసిన కమిటీ టెన్షన్, ఒత్తిడి ఇందులో ముఖ్యమైన పాత్ర పోషించి ఉండొచ్చంది. 2010 నాటికి అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ దీన్ని మానసిక జబ్బుగా కొట్టిపారేయలేమని చెప్పింది. కాబట్టి నీ వ్యాసంలో "ఆయన చెబుతున్న ప్రకారం నొప్పులు ఉన్నాయట" అన్న వాక్యం తీసెయ్. నొప్పులు ఉన్నాయి, అంతే.

రెండో ప్రశ్న దగ్గరే నీ చేతికి పని ఎక్కువ. ఇక్కడ ఒక్కో కారణానికి ఒక్కో బలం ఉంది, నీ వాక్యం కూడా అంతే బలంగా ఉండాలి, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. మాత్రల దగ్గర మొదలుపెట్టు. పిరిడోస్టిగ్మిన్ బ్రోమైడ్, సైనికుల నోట పీబీ. ఒక స్ట్రిప్పులో 21 మాత్రలు, ఒక్కోటి 30 మిల్లీగ్రాములు, ఎనిమిది గంటలకొకటి చొప్పున వారానికి సరిపడా. శత్రువు సోమన్ అనే నర్వ్ గ్యాస్ వదిలితే ప్రాణం నిలబడటానికి ముందుజాగ్రత్తగా ఇచ్చిన మాత్ర అది. మయస్థీనియా గ్రావిస్ అనే కండరాల బలహీనత జబ్బుకి డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా రాస్తున్న మందే, కానీ నర్వ్ గ్యాస్ కోసం వాడటానికి అప్పటికి అనుమతి లేదు, అది వచ్చింది 2003లో. మరి 1991లో ఎలా ఇచ్చారు? 1990 డిసెంబర్‌లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఒక నిబంధన తెచ్చింది, యుద్ధరంగంలో సైనికుల సమ్మతి అడగకుండానే ఇలాంటి మందులు ఇవ్వడానికి దానితో వీలు దొరికింది. ఈ సంగతి నీ వ్యాసంలో ఎక్కడా లేదు. "విషం పెట్టింది" అన్న నీ వాక్యం కంటే ఇది వెయ్యి రెట్లు గట్టిది, ఎందుకంటే దీన్ని ఎవరూ కాదనలేరు.

తర్వాత శరీరంలో ఏం జరుగుతుందో చెప్పు, ఒక పేరా చాలు. నరం నుంచి కండరానికి కబురు మోసే అసిటైల్‌కోలిన్ పని అయిపోగానే విరిగిపోవాలి, విరగ్గొట్టడానికి ఒంట్లో ఒక ఎంజైమ్ ఉంటుంది. పీబీ ఆ ఎంజైమ్‌ని కొన్ని గంటలు పట్టి ఆపుతుంది. సారిన్ పట్టుకుంటే ఇక వదలదు. మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్, డైక్లోర్‌వాస్ లాంటి పురుగుల మందులు పడేదీ అదే ఎంజైమ్ మీద. ఇసుక ఈగల కోసం, దోమల కోసం ఇవన్నీ ఆ గుడారాల్లో వాడారు, కొందరైతే కుక్కల మెడకు కట్టే గోమారి పట్టీలు కూడా తమ ఒంటికి కట్టుకున్నారు. 2008 కమిటీ ఈ రెంటినే, మాత్రలనీ పురుగుల మందులనీ, జబ్బుకు కారణాలుగా గట్టిగా పేర్కొంది.

"తెలుగు పాఠకులకు ఇదంతా దూరం విషయం, ఎలా దగ్గర చెయ్యాలి" అని అడిగావు. ఇది వాళ్లకు తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుసు? డైక్లోర్‌వాస్ అంటే మన ఊళ్లలో నువాన్ అని అడిగి కొన్నదే. గుంటూరు, వరంగల్ పెద్దాసుపత్రుల్లో పురుగుల మందు కేసు రాగానే అట్రోపిన్ ఎందుకు ఎక్కిస్తారో నర్సమ్మలకు, బయట వరండాలో కూర్చున్న బంధువులకు కూడా తెలుసు. నోటి వెంట చొంగ, సూది మొనంత అయిపోయిన కంటిపాప, ఊపిరాడకపోవడం. పత్తికి మోనో పురుగుల మందు కొట్టి ఇంటికొచ్చి కళ్లు తిరిగి పడిపోయిన మనిషి లేని పల్లె మా వైపు లేదు. ఆ ఎంజైమ్, ఈ ఎంజైమ్ ఒకటే అని ఒక్క వాక్యం రాస్తే చాలు, పాఠకుడు నీ వెంట ఆ ఎడారికి వచ్చేస్తాడు. కానీ అక్కడితో ఆగు. మన పత్తి రైతుకూ గల్ఫ్ సైనికుడికీ ఒకే జబ్బు అని మాత్రం రాయకు. అది వేరే వ్యాసం, దానికి వేరే ఆధారాలు కావాలి.

సారిన్ దగ్గర మరీ జాగ్రత్త. 1991 మార్చి 4న, మళ్లీ 10న, దక్షిణ ఇరాక్‌లోని ఖమీసియా ఆయుధ డిపోలో దొరికిన రాకెట్లను అమెరికా ఇంజనీరింగ్ దళాలు పేల్చేశాయి. వాటిలో సారిన్, సైక్లోసారిన్ ఉన్నాయని పెంటగాన్ బయటపెట్టింది 1996 జూన్‌లో. అప్పుడు ఆ గాలి తగిలి ఉండొచ్చన్న మంది ఓ 400. ఆ తర్వాత 5,000, 20,000, 1997కి దాదాపు లక్ష. ఈ అంకెలను వరసగా పెట్టు, పక్కన వ్యాఖ్యానం ఏమీ వద్దు. అయితే అవతలి పక్షం చెప్పేది కూడా నువ్వే చెప్పాలి. ఆ రోజుల్లో నర్వ్ గ్యాస్ లక్షణాలతో అక్కడికక్కడ పడిపోయినట్టు సైనికుల్లో ఎవరి గురించీ నమోదు కాలేదు. తగిలి ఉంటే చాలా తక్కువ మోతాదే తగిలి ఉండాలి. ఇది దాచిపెడితే, తెలిసినవాడు రేపు అదే నీ ముందు పెడతాడు.

తక్కువ మోతాదు కూడా హాని చేస్తుందా అన్న ప్రశ్నకి మీ డాలస్‌లోనే, యూటీ సౌత్‌వెస్టర్న్‌లో, రాబర్ట్ హేలీ అనే డాక్టరు దశాబ్దాలుగా జవాబు వెతుకుతున్నారు. 2022లో ఆయన బృందం ప్రచురించిన పరిశోధన నీ డ్రాఫ్ట్‌లో లేకపోవడం పెద్ద లోటు. మన రక్తంలో సారిన్‌ని విరగ్గొట్టే పాన్1 అనే ఎంజైమ్ ఉంటుంది. దాని జన్యువులో క్యూ, ఆర్ అని రెండు రకాలు, ఒక్కో మనిషిలో ఆ జన్యువు రెండు కాపీలుంటుంది, క్యూ రకం సారిన్‌ని బాగా విరగ్గొడుతుంది, ఆర్ రకానికి అంత చేతకాదు. యుద్ధంలో నర్వ్ గ్యాస్ సైరన్ విన్నామన్నవాళ్లలో, సైరన్ విననివాళ్లతో పోలిస్తే, రెండూ క్యూలే ఉన్నవాళ్లకి జబ్బు అవకాశం నాలుగింతలకు దగ్గర పెరిగితే, రెండూ ఆర్‌లే ఉన్నవాళ్లకి తొమ్మిదింతలకు దగ్గర పెరిగింది. సైరన్ విన్నానన్నది మనిషి జ్ఞాపకం, అది తప్పు కావచ్చు, జబ్బుపడ్డవాడికి ఎక్కువ గుర్తుండొచ్చు కూడా. కానీ తన జన్యువు ఏ రకమో తెలిసి ఎవరూ జవాబు చెప్పలేదు కదా! ఈ ఒక్క పరిశోధనతో వాదన ముగిసిపోలేదు, అయినా ఇది చాలా బలమైన ఆధారమని రాయడానికి వెనకాడకు.

యురేనియం పేరా మాత్రం కొట్టెయ్. 2021లో మాజీ సైనికుల మూత్రం పరీక్షించి చూశారు, జబ్బున్నవాళ్లకీ లేనివాళ్లకీ తేడా కనిపించలేదు. నూనె బావులు 600కు పైగా తగలబడ్డాయి, ఆ నల్లటి ఆకాశం ఆయన నీకు బాగా వర్ణించాడు, అది ఉంచు, కానీ చూసిన దృశ్యంగా ఉంచు, కారణంగా కాదు.

ఇక ఆయనతో మాట్లాడే పద్ధతి. కారణం నీ నోటి నుంచి ముందు రానివ్వకు. "ఆ మాత్రల వల్లేనా?" అని అడిగితే అవునంటాడు, పాపం, నిన్ను నొప్పించడం ఇష్టం లేక కూడా అంటాడు. పొద్దున లేచాక ఏం చేసేవాళ్లు, గుడారంలో ఏం వాసన వచ్చేది, మాత్రలు ఎవరు పంచేవాళ్లు, వేసుకున్నాక ఒంట్లో ఎలా ఉండేది, అని రోజును గంట గంటగా అడుగు. మధ్యలో మాట తడబడితే పూరించకు, ఆయనే వెతుక్కోనీ. అరగంటకి మించి కూర్చోబెట్టొద్దు, మర్నాడు ఆ అలసట అనుభవించేది ఆయన. ఆయన భార్యను విడిగా కలువు, 1990కి ముందు ఈ మనిషి ఎలా ఉండేవాడో చెప్పగలిగింది ఆవిడే. పేరు, యూనిట్ నంబరు, వీధి, ఏదీ రాయకు, ఆయన పర్లేదన్నా సరే.

ఇంకొకటి. పెన్షన్ కోసం ఆయన పెట్టుకున్న అర్జీలు, వాటికొచ్చిన జవాబులు ఇంట్లో ఎక్కడో ఫైల్లో ఉంటాయి, చూపించమని అడుగు. కారణం రుజువు చెయ్యనక్కర్లేకుండా పరిహారం ఇవ్వడానికి వీలుగా 1994లోనే చట్టం వచ్చింది. అయినా 2015లో ఈ జబ్బు కింద వచ్చిన అర్జీల్లో ఒప్పుకున్నవి 17 శాతమే అని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ లెక్క తేల్చింది. ఆయన చేతిలో ఉన్న ఉత్తరంలో ఏ కారణం చూపి కాదన్నారో నువ్వు స్వయంగా చదవాలి, వీలైతే ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు తెలుగులో పెట్టాలి.

పత్రికవాళ్లు తొందర పెడుతున్నారన్నావు. పెట్టనీ. ఆ కాగితాలు చూసి, ఆవిడతో మాట్లాడి, అప్పుడు రెండో డ్రాఫ్ట్ నాకు పంపు.