అంకె ఆఖరున రాయి

చిన్నోడా,

నీ మెసేజ్ చూశాను. హేజల్‌బర్న్, స్ప్రింగ్‌బ్యాంక్, లాంగ్రో మూడు స్కాచ్ విస్కీ సీసాలూ దొరికాయని, శనివారం ఫ్రెండ్స్‌తో కూర్చుని మార్కులు వేస్తామని రాశావు. మూడూ ఒకే డిస్టిలరీవి, అంటే విస్కీ కాచే ఒకే చోటువి తీసుకున్నందుకు చాలా సంతోషం. పాతికేళ్ళు గ్లాస్గోలో ఉండి నేను నేర్చుకున్నదేదో ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను.

పది డిస్టిలరీల సీసాలు ముందు పెట్టుకుంటే ఏది నచ్చిందో తెలుస్తుంది, ఎందుకు నచ్చిందో తెలియదు. నీ మూడింటికీ ఊరు ఒకటే, స్కాట్లాండ్ పడమటి తీరంలోని క్యాంప్‌బెల్‌టౌన్. నీళ్ళూ అవే, కాచే రాగి పాత్రలూ అవే, బార్లీని పరిచి మొలకెత్తించే గచ్చూ అదే. బలం మూడింటిలోనూ 46 శాతం. రంగు కలపరు, చల్లబరిచి వడకట్టరు. తేడా ముఖ్యంగా రెండు చోట్ల వస్తుంది: మొలకెత్తిన బార్లీని ఆరబెట్టేటప్పుడు పొగ ఎంత పట్టించారు, ఎన్నిసార్లు కాచారు. హేజల్‌బర్న్ బార్లీని పొగ లేకుండా వేడిగాలితోనే ఆరబెడతారు, మూడుసార్లు కాస్తారు. స్ప్రింగ్‌బ్యాంక్‌కి ఆరు గంటలు పీట్ పొగ, తర్వాత ముప్ఫై గంటలు వేడిగాలి. దాన్ని రెండున్నర సార్లు కాస్తామని వాళ్ళు చెబుతారు, అంటే కొంత భాగం రెండుసార్లు, కొంత మూడుసార్లు. లాంగ్రోకి నలభై ఎనిమిది గంటల దాకా పొగ, రెండుసార్లే కాస్తారు.

పీట్ అంటే బొగ్గు కాదు. బురద నేలల్లో గడ్డీ నాచూ వేల ఏళ్ళు మాగి గట్టిపడిన మట్టి. ఇటుకల్లా కోసి, ఎండబెట్టి కాలుస్తారు.

ఆ ఊరికి ఒకసారి వెళ్ళు. గ్లాస్గో నుంచి లాక్ లోమండ్ పక్కగా ఇన్వరేరీ మీదుగా కారులో మూడున్నర గంటలు పడుతుంది. ఒకప్పుడు ఆ చిన్న రేవు ఊళ్ళో ముప్ఫైకి పైగా డిస్టిలరీలు ఉండేవి. ఇప్పుడు మూడే. 1828లో మొదలైన స్ప్రింగ్‌బ్యాంక్ తరతరాలపాటు మిచెల్ కుటుంబం చేతిలో నడిచింది. లాంగ్రో, హేజల్‌బర్న్ అనేవి అక్కడ మూతపడిన డిస్టిలరీల పేర్లు. ఆ పాత హేజల్‌బర్న్‌లోనే 1920లో మసతాకా తకెత్సురు అనే జపాన్ కుర్రాడు పని నేర్చుకుని, తర్వాత తన దేశంలో నిక్కా విస్కీ కంపెనీ పెట్టాడు. స్ప్రింగ్‌బ్యాంక్ వాళ్ళు లాంగ్రో పేరుతో 1973లో, హేజల్‌బర్న్ పేరుతో 1997లో మొదటిసారి కాచారు. ఒక్క మాట, డ్రైవ్ చేసేవాడు అక్కడ చుక్క కూడా ముట్టకూడదు. స్కాట్లాండ్‌లో పరిమితి ఇంగ్లండ్ కంటే తక్కువ.

ఇక శనివారం సంగతి. ఆ రోజు ఇంట్లో ఇంగువ పోపు పెట్టకండి, అగరొత్తులు వెలిగించకండి, సెంటు కొట్టుకోకండి. చికెన్ ఫ్రై అంతా అయ్యాకే. కింద బొడ్డుగా, మూతి దగ్గర సన్నగా ఉండే గ్లెన్‌కెయిర్న్ గ్లాసులు తెచ్చుకో. గ్లాసుకి 15 మిల్లీలీటర్లు చాలు. మూడూ కలిపి రెండు యూనిట్లకి (యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్) కాస్త ఎక్కువ, అంతకు మించి ఆ రాత్రి పోయొద్దు. అది దాటాక ముక్కు చెప్పేది నమ్మలేం.

వరస మాత్రం తప్పకూడదు. ఒకసారి నేను తొందరపడి లాంగ్రో ముందు తాగి, ఆ వెంటనే హేజల్‌బర్న్ తాగాను. నీళ్ళలా అనిపించింది, వందకి 72 వేశాను. కొన్ని నెలల తర్వాత అదే సీసా విడిగా తాగితే నెయ్యిలో వేయించిన రవ్వ, పండిన బేరిపండు కనిపించాయి. 86 వేశాను. సీసా మారలేదు, నా నాలుక మీద పొగ ఉండిపోయింది, అంతే. అందుకే ముందు హేజల్‌బర్న్, తర్వాత స్ప్రింగ్‌బ్యాంక్, చివర లాంగ్రో. మధ్యలో ఉప్పు లేని బిస్కెట్టు, మామూలు నీళ్ళు, పది నిమిషాల విరామం.

గ్లాసులో పోశాక పదిహేను నిమిషాలు ఆగు. ముక్కు లోపలికి పెట్టకు, అంచు దగ్గర నోరు కొంచెం తెరిచి వాసన చూడు. ఒక గుక్క నోరంతా తిప్పి మింగు. తర్వాత చెంచాతో నాలుగు చుక్కలు నీళ్ళు వేసి మళ్ళీ చూడు. నీళ్ళు ఎక్కువైతే వెనక్కి తీయలేవు.

రాసేటప్పుడు నీ సొంత మాటలు రాయి. ఇది నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఇంగ్లీషు పుస్తకాల్లో హీదర్ పూలని, టాఫీ అని ఉంటే నేనూ నోట్‌బుక్‌లో అవే ఎక్కించేవాణ్ణి. హీదర్ పువ్వు వాసన అప్పటికి నేను చూసిందే లేదు! స్ప్రింగ్‌బ్యాంక్ పదేళ్ళది మొదటిసారి నిదానంగా వాసన చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది బాపట్లలో మన తాతయ్య ఇల్లు. తడిసిన గోనెసంచి, తాటిబెల్లం, సముద్రం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి. లాంగ్రోలో అమ్మమ్మ పిడకల పొయ్యి, దాని పక్కన మాగిన సపోటా. అవి రాసుకున్న రోజు నుంచి ఏ సీసా తెరిచినా పాత పేజీ తీసి పోల్చుకోగలుగుతున్నాను. నీ ఫ్రెండ్ పంజాబీ అయితే వాడికి ఆవనూనె తడుతుంది. ఇద్దరిదీ సరైనదే.

మాటలు రాయడం పూర్తయ్యాకే అంకె వేయి. వాసనకి, రుచికి, మింగాక నిలిచే రుచికి, మూడూ కలిసి కుదిరిన తీరుకి తలా 25. రంగుకి మార్కులు వద్దు. ధరకీ వద్దు, ఎంత పెట్టి కొన్నావో పక్కన విడిగా రాసుకో. మామూలు లాంగ్రో సీసా మీద వయసు, అంటే పీపాలో ఎన్నేళ్ళు ఉంచారో ఉండదు, దానికని తగ్గించకు. మార్కులు వేసేదాకా ఎవరూ పైకి మాట్లాడకూడదు. ఒకడు "సబ్బు వాసన" అన్నాడంటే అందరికీ అదే వస్తుంది.

ఆ రాత్రి వేసిన అంకెని పెన్సిల్‌తో రాయి. సీసా సగమయ్యాక మళ్ళీ ఒకసారి, అడుగుకొచ్చాక ఇంకోసారి తాగి చూడు. గాలి తగిలేకొద్దీ రుచి మారుతుంది. మూడు అంకెలూ చూశాకే పెన్నుతో రాయాలి. సీసాలు నిలబెట్టే ఉంచు, పడుకోబెడితే కార్కు పాడవుతుంది.

పడుకునే ముందు లాంగ్రో గ్లాసు కడగకు. పొద్దున్నే లేచి, కాఫీ తాగకముందు ఆ ఎండిన గ్లాసు వాసన చూడు. ఏం గుర్తొచ్చిందో పేజీ అడుగున రాసి, ఫోటో తీసి నాకు పంపు.

మీ పెదనాన్న