కండోన్ అంటే ఖండించడం కాదు

ఇంగ్లిష్‌లో కండోన్ (condone), కండెమ్ (condemn) రెండూ ఖండించడమే కదా, ఏది ఎక్కడ వాడాలి అని ఒకరు అడిగారు. రెండూ ఒకటి కాదండీ. కండెమ్ అంటే ఖండించడం, ఇది తప్పు అని గట్టిగా చెప్పడం. కండోన్ అంటే తప్పని తెలిసీ పోనీలే అని వదిలేయడం. ఒకదాని చోట ఇంకోటి పెడితే మాట తలకిందులవుతుంది. నేను అలా పెట్టాను కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

పత్రిక డెస్కులో చేరిన కొత్తల్లో సంగతి. రాత్రి 10.30 దాటాక వార్తా ఏజెన్సీ నుంచి ఒక ఇంగ్లిష్ వార్త వచ్చింది. సమ్మెలో ఎవరో రాళ్లు రువ్వారు, దాని మీద కార్మిక నాయకుడి వివరణ. 'వియ్ డు నాట్ కండోన్ వయొలెన్స్' అన్నాడాయన. ఆ మాట చూడగానే నాకు మన 'ఖండించు' తట్టింది. ఎడిషన్ టైమ్ దగ్గరపడుతోంది, నిఘంటువు తీయలేదు. "హింసను మేం ఖండించడం లేదు" అని రాసి ఇచ్చేశాను.

సీనియర్ సబ్‌ఎడిటర్ గారు ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి పిలిచారు. "ఏమ్మా, రాళ్లేసినవాళ్లని ఈయన వెనకేసుకొస్తున్నాడా?" అన్నారు. నాకు అప్పటికీ అర్థం కాలేదు. "మొన్న మీ తమ్ముడి కండొనేషన్ ఫీజు కట్టాలని గంట ముందే వెళ్లావు కదా, ఆ ఫీజు ఎందుకు?" అని అడిగారు.

అప్పుడు వెలిగింది. తమ్ముడు జేఎన్‌టీయూ కింద ఉన్న కాలేజీలో ఇంజనీరింగ్ చదివేవాడు. హాజరు 75 శాతం ఉండాలి, వాడికి 68 ఉంది. 65కి తగ్గకపోతే సరైన కారణం చూపించి, కాలేజీ ఒప్పుకుంటే ఫీజు కట్టి పరీక్షకు కూర్చోవచ్చు. వాడు క్లాసులకు రాకపోవడం బాగుందని ఎవరూ అనలేదు. హాజరు తగ్గిన మాట రిజిస్టర్‌లో అలాగే ఉంది. అయినా పరీక్ష ఆపలేదు. కండోన్ చేయడమంటే సరిగ్గా ఇదే. కోర్టుల్లోనూ ఈ మాట రోజూ వినిపిస్తుంది. అప్పీలుకు గడువు దాటిపోతే 1963 నాటి లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద 'కండొనేషన్ ఆఫ్ డిలే' కోరుతూ పిటిషన్ వేస్తారు. ఆలస్యానికి తగిన కారణం ఉందని జడ్జి నమ్మితే దాన్ని మన్నించి అప్పీలు తీసుకుంటారు.

గుర్తుపెట్టుకోవడానికి ఈ మాటల పుట్టుకే సాయం చేస్తుంది. కండోన్‌లో ఉన్నది 'ఇవ్వడం' అనే లాటిన్ మాట, డొనేషన్‌లో ఉన్నదీ అదే. కండెమ్‌లో ఉన్నది 'నష్టం' అనే మాట, డ్యామేజ్ కూడా అక్కణ్నుంచే వచ్చింది. పనికిరాని బస్సును డిపోలో 'కండెమ్ చేశారు' అంటారు చూడండి, అదీ ఈ మాటే. స్పెల్లింగ్ చివర ఎన్ ఉంటుంది గానీ పలకం. కండెమ్నేషన్ అన్నప్పుడు మాత్రం పలుకుతుంది.

ఇంకో సంగతి, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది. తప్పు తెలిశాక నేను రెండోసారి "హింసను తీవ్రంగా ఖండిస్తున్నాం" అని దిద్దాను. ఆయన దాన్నీ కొట్టేశారు. "ఆయన అంత మాట అనలేదమ్మా. మావాళ్లు చేస్తే చూసీచూడనట్టు ఊరుకోం అన్నాడు, అంతే. ఖండించాలనుకుంటే కండెమ్ అనే అనేవాడు. అనని మాట ఆయన నోట పెట్టే హక్కు మనకు లేదు" అన్నారు. ఆ తర్వాత ఆయనే తన చేత్తో "హింసను ఉపేక్షించం" అని రాశారు. మర్నాడు పేపర్లో అలాగే వచ్చింది.