కుందేలు పెంచుతున్న స్నేహితురాలికి నొప్పించకుండా ఎలా చెప్పాలి?

మీ స్నేహితురాలు కుందేలును బాల్కనీలో ఇనుప చువ్వల పంజరంలో ఉంచి క్యారెట్లు, అన్నం పెడుతోందని, చెబితే ఏమనుకుంటుందోనని అడిగారు. విజయవాడలో మా ఫ్రెండ్ ఇంట్లో నాకూ ఇదే ఎదురైంది. పాప అడిగిందని కొన్న కుందేలు. వాళ్ళకి దానిమీద ప్రేమ తక్కువై కాదు, అమ్మినతను చెప్పిందే నమ్మి పెంచుతున్నారు. అలాంటప్పుడు "నువ్వు సరిగ్గా చూసుకోవట్లేదు" అంటే ఆ ప్రేమనే తప్పుపట్టినట్టు ఉంటుంది. అదీ పాప ముందు అంటే ఏ తల్లయినా చిన్నబుచ్చుకుంటుంది.

ముందు ఏది ఆగుతుందో, ఏది ఆగదో మీరే తేల్చుకోండి. ఎండ సంగతి ఆగదు, వెంటనే చెప్పాలి. కుందేలుకి మనలా చెమట పట్టదు, ఒంట్లో వేడి చాలావరకు చెవుల గుండానే పోవాలి. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం, ఇక మన మే నెలలో పడమటి బాల్కనీ అంటే ప్రాణం మీదికి వస్తుంది. అక్కడ నేను మొహమాటపడలేదు. "ఏమే, ఈ ఎండకి ఇది తట్టుకోలేదు, లోపల పెడదాం, అటు పట్టు" అని పంజరం ఒక పక్క నేనే పట్టుకున్నాను. నీళ్ళ సీసాని ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, గుడ్డ చుట్టి పక్కన పెడితే కాసేపటికి దానికి ఆనుకుని పడుకుంది.

తిండి సంగతి మాత్రం నిదానంగా తేవాలి. మరోసారి వెళ్ళినప్పుడు కడిగిన గరిక కొంచెం తీసుకెళ్ళి పాప చేతికిచ్చాను. ఒక్కో పోచని కొస నుంచి లోపలికి లాక్కుంటూ, దవడ పక్కలకి ఆడిస్తూ గబగబా నమిలేసింది. "దీనికి గడ్డంటే ఇంత ఇష్టమా?" అని మా ఫ్రెండే అడిగింది. ఆ మాట కోసమే ఆగాను. కుందేలు పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్ళయితే వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు. గడ్డి అలా నమిలితేనే అవి అరుగుతాయి, పీచు పడితేనే పేగులు కదులుతాయి. రోజూ దాని ఒంటి సైజంత గడ్డి దాని ముందు ఉండాలి. మొదట కొంచెంతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. మందులు కొట్టిన చోటా, కుక్కలు తిరిగే రోడ్డు పక్కా కోయకూడదు. కొత్తిమీర, పుదీనా గుప్పెడు ఇవ్వొచ్చు. క్యారెట్‌లో తీపి ఎక్కువ కాబట్టి ఎప్పుడైనా చిన్న ముక్క చాలు. అన్నం, బిస్కెట్లు మానేయాలి.

అప్పుడే తను గొంతు తగ్గించి, "ఇది దాని పెంటే అది తింటోందే, ఏమైనా రోగమా?" అని అడిగింది. రోగం కాదు. మెత్తగా, ద్రాక్షగుత్తిలా వచ్చే ఆ రకాన్ని తిని, మొదటిసారి అందని పోషకాలు మళ్ళీ తీసుకుంటుంది, దాని శరీరమే అంత. ఇన్నాళ్ళు ఆ టెన్షన్ ఎవరికీ చెప్పుకోలేకపోయిందట. తను భయపడే విషయంలో మీరు ధైర్యం చెప్పగలిగితే, మిగతా మాటలు అడిగి మరీ వింటుంది.

పంజరం అడుగు గురించి కూడా వాదించక్కర్లేదు. ఇద్దరూ కలిసి దాని వెనక పాదాల అడుగున చూడండి, చువ్వల మీద ఉండి ఉండి బొచ్చు ఊడి ఎర్రబడుతుంది. మేం రంగు వేయని తుంగచాప ముక్క పరిచాం. రోజూ కొన్ని గంటలు గదిలో వదిలితే ఇంకా మంచిది, కరెంటు వైర్లు మాత్రం అందకుండా చూడాలి.

వాట్సాప్‌లో వీడియోల మీద వీడియోలు పంపకండి. తప్పులు ఏరి చూపిస్తున్నట్టు అనిపిస్తుంది. దానికి బదులు కుందేళ్ళకి వైద్యం చేసే డాక్టరు మీ ఊళ్ళో ఎవరున్నారో కనుక్కుని ఆ నంబరు ఇవ్వండి. చాలామంది కుక్కలు, పశువులే ఎక్కువగా చూస్తారు కాబట్టి ముందే అడగాలి. అమాక్సిసిలిన్ లాంటి మామూలు యాంటీబయాటిక్ నోటి ద్వారా వేసినా కుందేలుకి ప్రమాదమే, ఇంట్లో ఉన్న మందు వేయొద్దని గట్టిగా చెప్పండి. సగం రోజు ఏమీ తినకపోయినా, పెంటికలు ఆగిపోయినా రేపటిదాకా చూద్దాం అనుకోకుండా బయల్దేరాలి. ఈ ఒక్కటి మాత్రం తను ఏమనుకున్నా సరే, ఈరోజే చెప్పేయండి.