వీలునామా లేదు, ఎఫ్‌డీకి నామినీ లేరు: కోర్టుకు దేనికి వెళ్లాలి?

ప్రశ్న: మాది కరీంనగర్ జిల్లా. రెండు నెలల కిందట నాన్నగారు చనిపోయారు. వయసు 57. వీలునామా రాయలేదు. ఒక వాణిజ్య బ్యాంకులో నామినీ లేని 18 లక్షల ఎఫ్‌డీ, ఇంకో బ్యాంకులో అన్నయ్య నామినీగా 6 లక్షలు, డీమ్యాట్‌లో నామినీ లేని 4 లక్షల షేర్లు, నాన్న కొన్న మూడెకరాల పొలం ఉన్నాయి. అమ్మ, అన్నయ్య, నేను, నానమ్మ ఉన్నాం. అన్నింటికీ కోర్టుకెళ్లాలని లాయరు అంటున్నారు. నిజమేనా?

జవాబు: అన్నింటికీ అక్కర్లేదు. ప్రొబేట్ (వీలునామాను కోర్టు ధ్రువీకరించడం) అనేది వీలునామా ఉన్నప్పటి మాట, మీకు దాంతో పనే లేదు. కోర్టు అవసరం రావచ్చనుకుంటే అది 18 లక్షల ఎఫ్‌డీ ఒక్కదానికే.

ముందు వారసులెవరో తేలాలి. హిందూ వారసత్వ చట్టం ప్రకారం స్వార్జిత ఆస్తిలో భార్య, కొడుకు, కూతురు, తల్లి నలుగురికీ సమాన వాటా. అంటే నానమ్మకు నాలుగో వంతు. చాలా ఇళ్లలో మరిచిపోయేది ఈ తల్లినే. మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసేటప్పుడు ఆమె పేరు తప్పకుండా రాయించండి. లెక్క తేలకముందే ఆమెకేమైనా అయితే ఆ నాలుగో వంతులో మీకూ అన్నయ్యకూ తోడు మీ బాబాయిలు, మేనత్తలు కూడా వాటాదారులవుతారు. అప్పుడు సంతకాలు కూడగట్టడమే పెద్ద పని. ఆమె ఇష్టపూర్వకంగా పొలంలో వాటా వదులుకుంటానంటే రిజిస్టర్డ్ హక్కు విడుదల పత్రం రాయించుకోవాలి. తెల్లకాగితం మీద వేలిముద్ర చెల్లదు.

నామినీ ఉన్న 6 లక్షలు బ్యాంకు అన్నయ్యకే ఇస్తుంది. కానీ నామినీ సొమ్ము అందుకునేవాడే తప్ప యజమాని కాడు. బ్యాంకు డిపాజిట్ల విషయంలో సుప్రీంకోర్టు 2010లో ఆ మాట చెప్పింది. ఆ 6 లక్షల్లోనూ నలుగురికీ వాటా ఉంది.

ఇక 18 లక్షలు. రిజర్వు బ్యాంకు 2025 నిబంధనల ప్రకారం, నామినీ లేకున్నా తగాదా లేకపోతే వాణిజ్య బ్యాంకులు 15 లక్షల దాకా క్లెయిమ్ ఫారం, ఇండెమ్నిటీ బాండ్ (తర్వాత నష్టం వస్తే భరిస్తామనే హామీ పత్రం), మిగతా వారసుల నిరభ్యంతర పత్రాలతో సులువుగా తేల్చాలి. మీది ఆ హద్దు దాటింది కాబట్టి బ్యాంకు సక్సెషన్ సర్టిఫికెట్ (కోర్టు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం) అడగవచ్చు. లాయరుకు ఫీజు ఇచ్చే ముందు, తహసీల్దారు ఇచ్చే ఆ ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, జామీనుదారు బాండ్ సరిపోతాయా అని మేనేజరుకు రాతపూర్వకంగా రాసి, జవాబు కూడా కాగితం మీదే తీసుకోండి. కాదంటేనే నాన్నగారు నివసించిన ప్రాంతపు కోర్టులో పిటిషన్. నోటీసులు, పత్రికా ప్రకటన, వాంగ్మూలాలు అన్నీ ఉంటాయి కాబట్టి నెలలు పడుతుంది. పిటిషన్‌లో ఎఫ్‌డీ నంబరు, శాఖ, మొత్తం బ్యాంకు రికార్డులో ఉన్నట్టే రాయాలి. మరిచిపోయిన ఖాతా తర్వాత బయటపడితే సర్టిఫికెట్‌ను పొడిగించమని మళ్లీ అదే కోర్టుకు వెళ్లాలి.

పొలం ఈ సర్టిఫికెట్‌లోకి రాదు. అది బ్యాంకు సొమ్ము వంటి బాకీలకు, షేర్ల వంటి సెక్యూరిటీలకే. భూమికి రాష్ట్ర భూరికార్డుల పోర్టల్ భూభారతిలో విరాసత్ (వారసత్వ మార్పిడి) కోసం దరఖాస్తు చేయాలి, తహసీల్దారు వారసులకు నోటీసులిచ్చి రికార్డులో పేర్లు మారుస్తారు (మ్యుటేషన్). షేర్లు 4 లక్షలే కాబట్టి డిపాజిటరీ పార్టిసిపెంట్ (డీమ్యాట్ ఖాతా నడిపే సంస్థ) దగ్గర షేర్లను వారసుల పేరిట మార్చే ట్రాన్స్‌మిషన్ ఫారం, అఫిడవిట్, ఇండెమ్నిటీ, నిరభ్యంతర పత్రాలు చాలు. వారసుడికి డీమ్యాట్ ఖాతా ఉండాలి.

పనులు ఆగేది ఎక్కువగా పేర్ల దగ్గరే. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాసుపుస్తకంలో వెనక, మరణ ధ్రువపత్రంలో పొడి అక్షరం ఒక్కటే. మూడూ పక్కపక్కన పెట్టి ఇప్పుడే చూసుకోండి. నాన్నగారి ఏటీఎం కార్డుతో డబ్బు తీయకండి, రేపు వారసుల మధ్య అనుమానం పుట్టేది అక్కడే.

మీరు రాయనిది ఒకటుంది. నాన్నగారి పేరిట పట్టాదారు పాసుపుస్తకం ఉండి, రైతు బీమాలో పేరు నమోదై ఉంటే నామినీకి 5 లక్షలు వస్తాయి. 18 నుంచి 59 ఏళ్ల వాళ్లకు ఆ పథకం వర్తిస్తుంది. రెండు నెలలు గడిచాయి కాబట్టి ఈ వారమే మీ వ్యవసాయ విస్తరణాధికారిని కలిసి అడగండి.