ఇజ్రాయెల్ పాస్‌పోర్టు ఉన్న అరబ్బులు తమని ఇజ్రాయెలీలనుకుంటారా, పాలస్తీనీయులనుకుంటారా?

ప్రశ్న కింద మీరే ఇంకో మాట కూడా రాశారు: "పాస్‌పోర్టు ఇజ్రాయెల్‌ది, చేతిలో జెండా పాలస్తీనాది. ఏదో ఒకటి తేల్చుకోవచ్చు కదా? అంత ఇష్టమైతే రేపు పాలస్తీనా దేశం వచ్చాక అక్కడికే వెళ్లొచ్చుగా?" అక్కడున్నప్పుడు మన తెలుగువాళ్ల నోట కూడా ఈ మాట చాలాసార్లు విన్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను హైఫాలో కేర్‌గివర్‌గా కొన్నేళ్లు పనిచేశాను. గోదావరి జిల్లాల నుంచి, నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి ఈ పని మీద ఇజ్రాయెల్ వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. యూదుల ఇంట్లోనే ఉండి పెద్దవాళ్లని చూసుకుంటాం. వాళ్లని ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ డాక్టరో నర్సో అరబ్బులై ఉంటారు. మందుల షాపులో కూడా అంతే, ఆ దేశం ఫార్మసిస్టుల్లో దాదాపు సగం మంది అరబ్బులే. అలా రెండు వైపుల మనుషులతోనూ మాకు రోజూ పని పడుతుంది.

నేను చూసినంతలో వాళ్లలో ఎక్కువమంది దీని గురించి తికమక పడరు. మేం ఇజ్రాయెల్ పౌరులం, పాలస్తీనా జనం అంటారు. "ఇజ్రాయెల్ అరబ్బులం" అని చెప్పుకునేవాళ్లూ ఉన్నారు, ఆ పేరు అస్సలు నచ్చనివాళ్లూ ఉన్నారు. డ్రూజ్‌ల (అరబిక్ మాట్లాడే, తమదైన వేరే మతం ఉన్న చిన్న సమాజం) సంగతి వేరు. 1956 నుంచి వాళ్ల మగపిల్లలకి సైన్యంలో చేరడం తప్పనిసరి. వాళ్లలో చాలామంది తమని పాలస్తీనీయులని చెప్పుకోరు.

1948 యుద్ధంలో ఏడు లక్షల మంది దాకా పాలస్తీనీయులు ఇళ్లు పోగొట్టుకుని వెళ్లిపోవాల్సి వచ్చింది. వాళ్లు నక్బా అనేది దాన్నే. కొత్త దేశం సరిహద్దుల్లోపల సుమారు లక్షన్నర మంది మిగిలారు. ఇప్పటి అరబ్ పౌరులు వాళ్ల పిల్లలూ మనవలే, మొత్తం జనాభాలో దాదాపు ఐదో వంతు ఉంటారు. ఓటు హక్కు ఇచ్చారు గానీ 1966 దాకా వాళ్ల ఊళ్లని మిలిటరీ పాలనలోనే ఉంచారు. ఊరు దాటాలంటే పర్మిట్ కావాల్సి వచ్చేది.

నాతో బాగా చనువుగా ఉండే నర్సు ఒకామె నజరేతు నుంచి వచ్చేది. అక్కడ ఆమె వాళ్లుండే పేట పేరు సఫాఫ్రా. సఫ్ఫూరియా అనే ఊరివాళ్లు వచ్చి ఉండటం వల్ల ఆ పేరు పడింది. 1948 జులైలో సైన్యం సఫ్ఫూరియాని ఆక్రమించాక కొందరు లెబనాన్ పోయారు, కొందరు నజరేతు చేరారు. ఊరు అక్కడికి కొద్ది కిలోమీటర్లే. అయినా తిరిగి వెళ్లనివ్వలేదు. 1950లో చేసిన చట్టం ప్రకారం వాళ్లు "గైర్హాజరు" అయినవాళ్లు, కాబట్టి ఇళ్లూ పొలాలూ ప్రభుత్వానివైపోయాయి. దేశంలో ఉన్నారు, పౌరసత్వం ఉంది, చట్టం లెక్కలో మాత్రం లేరు. ఇప్పుడక్కడ సిప్పోరి అనే యూదుల గ్రామం, పైన్ చెట్ల అడవి, ఒక నేషనల్ పార్కు ఉన్నాయి. ఆ నర్సు తన పిల్లల్ని తీసుకుని టికెట్ కొనుక్కుని ఆ పార్కుకి వెళ్తుంది, తాతగారి ఇల్లు ఇక్కడుండేదని చూపిస్తుంది. వాళ్ల తాత బతికున్నంత కాలం ప్రతి ఎన్నికలోనూ ఓటేశారట. ఆయన్ని పట్టుకుని "ఏదో ఒకటి తేల్చుకో" అని ఎలా అడుగుతాం చెప్పండి?

ఇంకోటి మీకు తెలియాలి. ఇజ్రాయెల్ జనాభా రిజిస్టర్‌లో పౌరసత్వం వేరు, జాతి వేరు. జాతి గడిలో యూదు, అరబ్, డ్రూజ్ లాంటివి రాస్తారు. "ఇజ్రాయెలీ" అని రాయించుకోవడానికి కుదరదు. మమ్మల్ని అలా నమోదు చేయమని యూదులతో సహా కొందరు పౌరులు కోర్టుకి వెళ్తే, అలాంటి జాతి ఉందని రుజువు కాలేదంటూ 2013లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2018లో వచ్చిన చట్టం జాతీయ స్వయంనిర్ణయ హక్కు ఆ దేశంలో యూదులకి మాత్రమే ఉందని రాసేసింది, అరబిక్‌ని అధికార భాష హోదా నుంచి తప్పించింది. మనకి భారతీయుడు అంటే పౌరసత్వమూ అదే, జాతీయతా అదే. అక్కడ ఒక అరబ్బు నేను ఇజ్రాయెలీనే అని మనస్ఫూర్తిగా అనుకున్నా, ప్రభుత్వ రికార్డులో అతను అరబ్బే.

నేను చూసుకున్న సవ్తా (అమ్మమ్మని అక్కడ అలా పిలుస్తారు) గురించి చెప్పకపోతే ఈ జవాబు సగమే అవుతుంది. ఆమె బాగ్దాద్‌లో పుట్టిన యూదు. 1941లో అక్కడ యూదుల మీద ఫర్హూద్ పేరుతో చెప్పుకునే ఊచకోత జరిగినప్పుడు చిన్నపిల్ల. పక్కింటి ముస్లిం కుటుంబం వీళ్లని తమ ఇంట్లో దాచిపెట్టిందట. 1950-51లో ఇరాక్ నుంచి దాదాపు లక్షా ఇరవై వేల మంది యూదులు ఇజ్రాయెల్ వచ్చేశారు. వెళ్లాలంటే ఇరాక్ పౌరసత్వం వదులుకోవాలి. వదులుకున్నాక ఆస్తులు కూడా స్తంభింపజేశారు. ఇజ్రాయెల్ వచ్చి టెంట్లలో బతికారు. "నన్ను ఇక్కణ్ణుంచి పొమ్మంటే పోవడానికి నాకింకో చోటు లేదు" అనేది సవ్తా. ఆ భయం నటన కాదు, పక్కనే ఉండి చూశాను. నజరేతు నర్సు కనిపిస్తే ఇద్దరూ అరబిక్‌లో కబుర్లే కబుర్లు. ఆ భాషలో మాట్లాడేటప్పుడు సవ్తా మొహం వెలిగిపోయేది.

యుద్ధాల్లో చనిపోయిన సైనికుల స్మారక దినాన ఉదయం 11 గంటలకి దేశమంతా రెండు నిమిషాలు సైరన్ మోగుతుంది, ఎక్కడివాళ్లు అక్కడ నిలబడతారు. ఒకసారి ఆ సమయంలో మేం ఆసుపత్రిలో ఉన్నాం. సవ్తా వాకర్ పట్టుకుని లేచి నిలబడింది. ఆ నర్సు తల దించుకుని పని చేసుకుంటూనే ఉంది. సైరన్ ఆగగానే ఇంకో పేషెంటు కొడుకు ఆమె మీద గట్టిగా అరిచాడు, ఈ దేశం జీతం తింటూ నిలబడవా అని. సవ్తా అతన్ని మందలించి కూర్చోబెట్టింది. బయటికొచ్చాక నర్సు నాతో అంది: "నిలబడితే మా ఊరివాళ్లు అడుగుతారు, నిలబడకపోతే వీళ్లు అడుగుతారు." ఆమెకి తానెవరో బాగా తెలుసు. ఎదుటివాళ్లకి మాటిమాటికీ రుజువు చూపించాల్సి రావడమే ఆమె బాధ.

తూర్పు జెరూసలేం వాళ్ల పరిస్థితి ఇంకా టెన్షన్. 1967లో ఇజ్రాయెల్ ఆ ప్రాంతాన్ని ఆక్రమించాక అక్కడి పాలస్తీనీయులకి పౌరసత్వం కాకుండా శాశ్వత నివాస హక్కు ఇచ్చింది. నీలం ఐడీ కార్డు ఉంటుంది, పార్లమెంటుకి ఓటు ఉండదు. జీవితం జెరూసలేంలోనే గడుపుతున్నట్టు కరెంటు బిల్లులు, స్కూలు కాగితాలతో నిరూపించుకోవాలి, లేదంటే ఆ హక్కు పోవచ్చు. 1967 నుంచి ఇప్పటిదాకా 14 వేల మందికి పైగా అలా పోగొట్టుకున్నారు. సవ్తా కూతురి ఇంటికి మమ్మల్ని తీసుకెళ్లే డ్రైవర్ భార్యది బెత్లెహేం, ఆమెకి వెస్ట్ బ్యాంక్ (1967 నుంచి ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం) వాళ్లకుండే ఆకుపచ్చ కార్డు. 2003లో వచ్చిన చట్టం వల్ల అలాంటి భార్యకి నివాస హక్కు రావడం చాలా కష్టం. అందుకని వాళ్లు కఫ్ర్ అఖబ్‌లో ఉంటారు. ఇజ్రాయెల్ కట్టిన గోడకి అవతల, వెస్ట్ బ్యాంక్ వైపు ఉన్నా అది జెరూసలేం మున్సిపాలిటీ లెక్కలోకే వస్తుంది కాబట్టి ఆయన కార్డు నిలుస్తుంది, ఆమె కూడా ఆయనతో ఉండగలదు. జాతీయత మీద ఉపన్యాసాలకి ఆయనకి ఓపిక లేదు, పిల్లలకి ఏ రంగు కార్డు వస్తుందన్నదే ఆయన దిగులు.

2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో దాదాపు 1200 మంది చనిపోయినప్పుడు నేను అక్కడే ఉన్నాను. చనిపోయినవాళ్లలో, బందీలుగా పట్టుకుపోయినవాళ్లలో అరబ్ బెదూయిన్లు (ఎడారి ప్రాంతపు అరబ్ తెగలవాళ్లు) కూడా ఉన్నారు. ఆ తర్వాత గాజాలో పదుల వేలమంది చనిపోయారు, వాళ్లలో ఇజ్రాయెల్ అరబ్ పౌరుల బంధువులున్నారు. ఫేస్‌బుక్‌లో గాజా గురించి నాలుగు ముక్కలు రాసినందుకు పోలీసులు పట్టుకెళ్లిన అరబ్ పౌరులున్నారు. మా నర్సు ఫోనులోంచి అన్నీ తీసేసి మౌనంగా డ్యూటీకి వచ్చేది. మరి ఆ రోజుల్లోనే, నవంబర్‌లో, ఇజ్రాయెల్ డెమోక్రసీ ఇన్‌స్టిట్యూట్ సర్వే చేస్తే 70 శాతం అరబ్ పౌరులు తమని ఈ దేశంలో భాగంగా భావిస్తున్నామన్నారు. పాలస్తీనాని మర్చిపోయారని దీనికి అర్థం చెప్పకండి. రాకెట్ పడితే ఎవరి మీదైనా పడుతుంది. 2025 జూన్‌లో ఇరాన్ క్షిపణి తమ్రా అనే అరబ్ ఊళ్లో పడి ఒకే కుటుంబంలో నలుగురు ఆడవాళ్లు పోయారు. అప్పటికి ఆ ఊళ్లో పబ్లిక్ షెల్టర్ కూడా లేదు. దేశంలో భాగమే అయితే మాకు షెల్టర్లేవి అని వాళ్లు అడుగుతున్నారు.

ఇక మీ రెండో ప్రశ్న, పాలస్తీనా దేశం వస్తే వెళ్లిపోవచ్చుగా అని. 2020 జనవరిలో ట్రంప్ ప్రకటించిన ప్రణాళికలో ఉమ్ అల్ ఫహ్మ్ లాంటి అరబ్ ఊళ్లని, మనుషులు కదలకుండానే, సరిహద్దు మార్చి రాబోయే పాలస్తీనాలో కలిపే ఆలోచన ఉంది. మీ లెక్క ప్రకారం వాళ్లు సంబరపడాలి. కానీ ఆ ఊళ్లవాళ్లు పాలస్తీనా జెండాలు పట్టుకునే దాన్ని వ్యతిరేకిస్తూ ఊరేగింపు చేశారు. ఉద్యోగం, చదువు, ఆసుపత్రి, ఓటు, పక్క ఊళ్లలోని చుట్టాలు, పోయిన పొలాల మీద ఇంకా నడుస్తున్న దావాలు అన్నీ ఇవతలే ఉన్నాయి. మా నర్సుని ఇదే అడిగాను. నజరేతు నుంచి సఫ్ఫూరియాకే వెళ్లనివ్వనివాళ్లు వెస్ట్ బ్యాంక్‌లోని రమల్లాకి పొమ్మంటే ఎందుకు పోతాను అంది.