వాయుగుండం ఎప్పుడు తుఫాను అవుతుంది?

ప్రశ్న: రాత్రి వాయుగుండం అంటారు, తెల్లారేసరికి తుఫాను అంటారు. ఈ తేడా ఎలా లెక్కగడతారు? హార్బరులో మూడో నంబరు హెచ్చరిక పెడితే ఏమిటర్థం?
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు, విశాఖపట్నం

జవాబు: గాలి వేగమే కొలత అమ్మా. గంటకు 31 కిలోమీటర్లు చేరితే వాయుగుండం, 50 దాటితే తీవ్ర వాయుగుండం, 62కి తుఫాను. పేరు పెట్టేది అప్పుడే. 89కి తీవ్ర తుఫాను, 118కి అతి తీవ్రం. సముద్రం పైనీరు సుమారు 26.5 డిగ్రీలకు మించి వెచ్చగా ఉంటే, దాని ఆవిరితో బలం పుంజుకుంటుంది. నేల తాకితే ఆ ఆవిరి అందక నీరసిస్తుంది.

మూడో నంబరంటే రేవులో ఈదురుగాలులు వీచవచ్చని. పదో నంబరంటే తీవ్ర తుఫాను రేవు మీదుగానో, పక్కనుంచో దాటుతుందని.

మోసం చేసేది తుఫాను కన్ను, అంటే నడిమధ్యన ప్రశాంతంగా ఉండే భాగం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. కన్ను మీదికొస్తే గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. అయిపోయిందనుకుని బయటికి రావద్దు. కాసేపటికే ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. మన తీరంలో మొదట ఉత్తరపు గాలి, తర్వాత దక్షిణపు గాలి. ఉత్తరం కిటికీలే బిగించి ఊరుకుంటే రెండో విడతలో దక్షిణపు అద్దాలు పగులుతాయి. రెండు వైపులా ముందే గడియలు వేయండి. కరెంటు పోకముందే ట్యాంకు నింపుకోండి.